చుక్క మీద గురి

హ్యాండ్ కంట్రోలర్ మీద ఎం1 అని నొక్కితే టెలిస్కోప్ గుర్రుమంటూ రెండు ఇరుసుల మీదా తిరిగి, చివర్లో కాస్త సర్దుకుని ఆగుతుంది. చిన్న తెర మీద క్రాబ్ నెబ్యులా అని పేరు కూడా వస్తుంది. ఐపీస్‌లో కన్ను పెడితే మాత్రం నల్లటి ఆకాశం, ఊరూ పేరూ లేని నాలుగు చుక్కలు. కంప్యూటర్ ఉన్న టెలిస్కోప్ కొన్నవాళ్లలో ఈ అనుభవం లేనివాళ్లు తక్కువ. కొందరు యంత్రాన్ని తిడతారు, కొందరు దాన్ని అటకెక్కిస్తారు. నిజానికి టెలిస్కోప్‌ను మోసి తిప్పే మౌంట్ తను లెక్కగట్టుకున్న చోటికే ఒళ్లు దాచుకోకుండా వెళ్లింది. ఆకాశం ఏ పక్కన ఎలా ఉందో దానికి చెప్పినప్పుడే తేడా జరిగింది. ఆ చెప్పే పనికే అలైన్‌మెంట్ అని పేరు.

ఇది చూడ్డానికి రెండు నక్షత్రాలను మధ్యకు తెచ్చి బటన్ నొక్కే పని. అయిదు నిమిషాల్లో అయిపోతుంది. చేయి తిరిగినవాళ్లు చేస్తుంటే పక్కన నిలబడి చూస్తే మాత్రం అందులో ఎంత పనితనం ఉందో తెలుస్తుంది. ఏ మౌంటూ నిక్కచ్చిగా తయారు కాదు. ఇరుసులు సరిగ్గా లంబంగా ఉండవు, గొట్టం తన బరువుకే కాస్త వంగుతుంది, పళ్ల చక్రాల మధ్య సందు ఉంటుంది. గురి కుదిరించేవాళ్లు వీటిని పోగొట్టాలని చూడరు. ఏ తప్పు ఎంత ఉందో కొలిచి, దాన్ని కలుపుకునే లెక్క వేస్తారు. ఇంట్లో వాడే ఎనిమిది అంగుళాల టెలిస్కోప్ దగ్గర్నుంచి ఆస్ట్రేలియాలో 3.9 మీటర్ల అద్దం దాకా జరిగేది ఇదే.

ముందు మౌంట్‌కు ఏం తెలుసో చూద్దాం. దానికి కళ్లు లేవు. లోపల ఉన్నవి రెండు మోటార్లు, అవి ఎంత తిరిగాయో లెక్కపెట్టే ఎన్‌కోడర్లు, అంతే. నెక్స్‌స్టార్ అనే రకం మౌంట్లు బయటి కంప్యూటర్‌తో మాట్లాడేటప్పుడు పూర్తి చుట్టును 65,536 భాగాలుగా చెబుతాయి. ఒక్కో భాగం సుమారు 20 ఆర్క్ సెకన్లు. ఇంకా సన్నంగా చెప్పమంటే 1,67,77,216 భాగాలు చేస్తాయి, అప్పుడు ఒక్కో భాగం ఆర్క్ సెకనులో పదో వంతు కూడా ఉండదు. చందమామ అడ్డకొలత సుమారు 1,800 ఆర్క్ సెకన్లని గుర్తుచేసుకుంటే ఈ సన్నదనం ఏపాటిదో తెలుస్తుంది. అయితే ఈ అంకెలన్నీ మోటారు తిరిగిన లెక్కలే. ఎన్‌కోడర్ మోటారు పక్కనే ఉండే మౌంట్లలో క్లచ్ వదులు చేసి గొట్టాన్ని చేత్తో తిప్పితే ఆ సంగతి దానికి తెలియనే తెలియదు. ఇంకా పాత చోటే చూస్తున్నానని నమ్ముతూ ఉంటుంది.

ఈ లెక్కను ఆకాశానికి ముడివేయడానికి రెండు నక్షత్రాలు చాలు. ఎందుకు చాలో అందంగా చూపించిన మనిషి తోషిమి టాకి అనే జపాన్ అమెచ్యూర్. 1989 ఫిబ్రవరి స్కై అండ్ టెలిస్కోప్ పత్రికలో ఆయన రాసిన పద్ధతి ఇది. ప్రతి నక్షత్రాన్నీ ఒక యూనిట్ పొడవున్న బాణం అనుకోండి. ఆ బాణానికి ఆకాశపు కొలతల్లో మూడు అంకెలుంటాయి, మౌంట్ కొలతల్లో ఇంకో మూడు. రెండు నక్షత్రాలకు రెండు బాణాలు. ఆ రెండింటికీ లంబంగా మూడో బాణాన్ని మనమే కల్పించుకోవచ్చు. మూడు బాణాలు దొరికాక తొమ్మిది అంకెల పట్టిక ఒకటి తేలుతుంది. ఆకాశంలో ఏ చోటు అడిగినా ఆ పట్టికతో గుణిస్తే మోటార్లు ఎంత తిరగాలో వచ్చేస్తుంది.

దీని గొప్పతనం ఎక్కడంటే, మౌంట్ సమంగా నిలబడి ఉండాలన్న నియమమే లేదు. ట్రైపాడ్ ఓ పక్కకు ఒరిగినా లెక్క చెడదు, ఆ ఒరుగుడు కూడా పట్టికలోకే వచ్చి చేరుతుంది. మరి బబుల్ లెవెల్ పెట్టి ట్రైపాడ్‌ను ఎందుకు సరిచేస్తారు అంటే, మొదటి నక్షత్రం అయ్యాక మౌంట్ తనంతట తానే రెండో నక్షత్రం దగ్గరకు దాదాపుగా వెళ్లగలగడానికి. రెండు నక్షత్రాలూ అయిపోయాక లెవెల్ మాట ఎవరికీ అక్కర్లేదు. ఈ సంగతి తెలియక లెవెల్ దగ్గరే అరగంట గడిపి, అసలు నక్షత్రాలను తొందర తొందరగా కానిచ్చేవాళ్లను చూస్తే జాలేస్తుంది.

ఆ పట్టికలో ఒక కాపలాదారు కూడా ఉన్నాడు. రెండు నక్షత్రాల మధ్య కోణం మౌంట్ ఎటు ఒరిగినా మారదు. సిరియస్‌కూ, బ్రహ్మహృదయం అని మనవాళ్లు పిలిచే కాపెల్లాకూ మధ్య సుమారు 66 డిగ్రీలు. జనవరి రాత్రి ఎనిమిదింటికి తూర్పున సిరియస్, ప్రొసియాన్ రెండూ దాదాపు ఒకే ఎత్తులో మెరుస్తుంటాయి. కొత్తవాళ్లు ఒకదాన్ని చూసి ఇంకోటనుకోవడం సహజం. సిరియస్ అని చెప్పి ప్రొసియాన్‌ను మధ్యకు తెస్తే మోటార్లు తిరిగిన లెక్కలో 51 డిగ్రీలు వస్తుంది. 66 రావలసిన చోట 51 వస్తే కంట్రోలర్ అలైన్‌మెంట్ ఒప్పుకోదు. నక్షత్రం పేరే తెలియకుండా ఏవైనా మూడు ప్రకాశవంతమైన చుక్కలు చూపించమనే పద్ధతులు కూడా ఈ కోణాల మీదే నడుస్తాయి. తారీఖు, సమయం, ఊరు తెలిశాక పైన కనబడే పెద్ద చుక్కల్లో ఈ మధ్యదూరాలకు సరిపోయే ముగ్గురెవరో వెతికి పట్టుకుంటాయి.

ఇంతవరకూ గణితం. ఇక చేతి పని.

వికారాబాద్ దగ్గర ఒక మామిడితోటలో శీతాకాలమంతా ఈ పని చేసే ఫిజిక్స్ మాస్టారు ఒకాయన ఉన్నారు. రిటైరై చాలాకాలమైంది. ఎనిమిది అంగుళాల ష్మిట్-కాసిగ్రెయిన్, ఒంటి చేతి ఫోర్క్ మౌంట్. అది తెచ్చి నిలబెట్టడం, తీగలు తగిలించడం చకచకా చేసేస్తారు. నక్షత్రం దగ్గరకు వచ్చేసరికి ఆయన వేగం ఒక్కసారిగా తగ్గిపోతుంది. ముందు డయాగనల్‌ను, అంటే చూపును పక్కకు మళ్లించే ఆ అద్దపు మోచేతిని, ఎలా తిప్పి పెట్టాలో చూసుకుని గట్టిగా బిగిస్తారు. ఇక తెల్లవారేదాకా దాన్ని ఎవరూ కదపకూడదు. లోపలి అద్దం సరిగ్గా 45 డిగ్రీల్లో ఉండదు కాబట్టి, దాన్ని తిప్పినప్పుడల్లా నక్షత్రం ఐపీస్‌లో ఒక చిన్న వలయం చుడుతుంది. అలైన్‌మెంట్ అయ్యాక మెడ నొప్పని దాన్ని పక్కకు తిప్పితే అప్పటిదాకా కుదిరిన గురి కాస్తా తప్పుతుంది. ఎవరైనా దాని మీద చెయ్యి వేస్తే ఆయన మాటలతో వారించరు. కుర్చీని జరిపి ఇస్తారు.

తర్వాత ఐపీస్. మామూలు 25 మిల్లీమీటర్ల ఐపీస్‌లో నక్షత్రం మధ్యలో ఉందా లేదా అన్నది కంటి అంచనా. 81 రెట్లు పెద్దదిగా చూపించే ఆ వృత్తంలో ఎనిమిది, పది శాతం అటూ ఇటూ అయినా కన్ను మధ్యే అనుకుంటుంది. దానికో చిట్కా ఉంది. ఫోకస్ చెడగొడితే చుక్క పెద్ద బిళ్లలా ఉబ్బుతుంది, బిళ్ల అంచుకూ వృత్తం అంచుకూ మధ్య ఎడం నాలుగు పక్కలా సమంగా ఉందో లేదో ఇట్టే తెలుస్తుంది. కటకాల టెలిస్కోపులకు ఇది బంగారం లాంటి చిట్కా. మాస్టారి టెలిస్కోప్‌కు పనికిరాదు. ష్మిట్-కాసిగ్రెయిన్‌లో ఫోకస్ తిప్పితే కదిలేది ప్రధాన అద్దమే, కదులుతూ అది కాస్త పక్కకు ఒరుగుతుంది. మధ్యకు తెచ్చిన చుక్క ఫోకస్ తిరిగి పెట్టేసరికి మధ్యలో ఉండదు. అందుకని ఆయన ఎర్ర దీపం వెలిగే అడ్డగీతల ఐపీస్ వాడతారు, 12.5 మిల్లీమీటర్లది. అందులో గీతలు కలిసే చోట చిన్న చదరం ఉంటుంది. చుక్క ఆ చదరంలోకి రావాలి.

నేను వెళ్లిన రాత్రి ఇంజనీరింగ్ చదివే కుర్రాడొకడు ఐపీస్ దగ్గర ఉన్నాడు.

"సార్, మధ్యకొచ్చేసింది. నొక్కెయ్యనా?"

"ఎటునుంచి వచ్చింది?"

"కొంచెం దాటిపోయింది సార్, ఎడమ బటన్‌తో వెనక్కి లాగాను."

"అట్లయితే కాదు బాబూ. దూరం పోయి మళ్లీ రా. చివర్న పై బటన్, కుడి బటన్. ఆ రెండే."

కుర్రాడు గొణుక్కుంటూనే మళ్లీ చేశాడు. చుక్క అదే చదరంలో, అదే చోట కూర్చుంది. చూసేవాళ్లకు రెండింటికీ తేడా లేదు. మౌంట్‌కు ఉంది. పళ్ల చక్రాల మధ్య ఎప్పుడూ కాస్త సందుంటుంది. పాత లారీ స్టీరింగ్‌ను ఒక పక్క తిప్పి రెండో పక్కకు తిప్పేటప్పుడు కొంతసేపు చక్రాలు కదలకుండా స్టీరింగ్ ఒక్కటే తిరుగుతుంది చూడండి, ఆ ప్లే లాంటిదే ఇదీ. కుర్రాడు వెనక్కి లాగినప్పుడు మోటారు ఆ సందంతా దాటి తిరిగాకే గొట్టం కదిలింది. అంటే గొట్టం ఒకే చోట ఉన్నా ఎన్‌కోడర్ అంకె వేరు. కంట్రోలర్ మాత్రం ఏ వస్తువు దగ్గరకు వెళ్లినా చివరి అడుగు ఎప్పుడూ ఒకే పక్క నుంచి వేస్తుంది. అలా తనంతట తాను వెళ్లే ప్రయాణం (గోటూ) చివర్లో గొట్టం కాస్త సర్దుకున్నట్టు కనిపించేది అందుకే. అది ఏ పక్క నుంచి వస్తుందో అలైన్‌మెంట్ చేసే మనిషి కూడా ఆ పక్క నుంచే రావాలి. అప్పుడు సందు రెండు చోట్లా ఒకే వైపు మూసుకుని ఉంటుంది, ఆ తేడా లెక్కలోంచి ఎగిరిపోతుంది.

మౌంట్‌తో వచ్చే పుస్తకంలో పైకీ కుడికీ అని ఒక వాక్యం ఉంటుంది. చాలామంది కళ్లు దాని మీదుగా జారిపోతాయి. దాని తర్వాతిది ఇంకా సూక్ష్మం. గొట్టం వెనక పక్క కెమెరా తగిలించి బరువు పెరిగితే, ఎత్తు ఇరుసు మీద చివరి అడుగు ఏ పక్క నుంచి వేయాలో మెనూలో మార్చుకోవచ్చు. బరువు ఎటు లాగుతోందో దానికి ఎదురుగా వచ్చి ఆగాలన్నది సూత్రం. అలా మార్చితే మధ్యకు తెచ్చే బటన్ కూడా మారుతుంది. ఈ రెండో సంగతి మరిచిపోయినవాళ్ల గురి ఆ రాత్రంతా ఒకే పక్కకు ఒకే దూరం తప్పుతూ ఉంటుంది.

ఏ నక్షత్రాలను ఎంచుకోవాలన్నది కూడా విద్యే. దిగంతానికి మరీ దగ్గరగా ఉన్నవి వద్దు. గాలి పొర కాంతిని వంచి చుక్కను పైకెత్తి చూపిస్తుంది. 45 డిగ్రీల ఎత్తున ఆ వంపు ఒక్క ఆర్క్ నిమిషమే, దిగంతం దగ్గర అరడిగ్రీ దాటుతుంది. నడినెత్తిన ఉన్నవీ వద్దు. ఎత్తు 80 డిగ్రీలు దాటిన చోట, చూపులో చిన్న వంకర ఉన్నా దిక్కు చెప్పే ఇరుసు మీద అది ఆరింతలయి కూర్చుంటుంది. మన ప్రాంతంలో ఇదొక చిక్కు. స్వాతి తెలుగునాట దాదాపు నెత్తి మీదుగానే పోతుంది. విజయవాడలో అయితే రోహిణి ఇంచుమించు సరిగ్గా నడినెత్తి మీదుగా దాటుతుంది. చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉన్నా ఆ వేళకు అవి అలైన్‌మెంట్‌కు పనికిరావు. రెండు గంటలు ముందో వెనకో అయితే దివ్యంగా పనికొస్తాయి.

మన ప్రాంతానికి ఇంకో రెండు చిక్కులున్నాయి. ఒకటి అరగంట. మన టైమ్ జోన్ అయిదున్నర గంటలు. పూర్తి గంటలు తప్ప తీసుకోని పరికరాలూ, సాఫ్ట్‌వేర్లూ ఉన్నాయి. అరగంట తేడా అంటే ఆకాశం ఏడున్నర డిగ్రీలు పక్కకు జరిగినట్టు. అలాంటప్పుడు జోన్ సున్నా పెట్టి, మన సమయంలోంచి అయిదున్నర తీసేసి అంతర్జాతీయ సమయం ఇచ్చేయడమే సుఖం. రెండోది ధ్రువుడు. ఈక్వటోరియల్ మౌంట్ ఇరుసును ఖగోళ ధ్రువానికి తిప్పాలి. హైదరాబాద్‌లో అది దిగంతానికి 17 డిగ్రీల ఎత్తునే ఉంటుంది, తిరుపతిలో పద్నాలుగు కూడా ఉండదు. పొగ, వీధి దీపాలు, పక్కింటి వాటర్ ట్యాంకు, అన్నీ సరిగ్గా అక్కడే. ఇరుసును అంత కిందికి వంచితే కొన్ని మౌంట్లలో బరువుల కడ్డీ ట్రైపాడ్ కాలికి తగులుతుంది. ధ్రువుడు కనిపించినా, ఆ ఎత్తులో గాలి వంపు అతన్ని మూడు ఆర్క్ నిమిషాలు పైకెత్తి చూపిస్తుంది. మూడు నిమిషాలు కంటితో చూసేవాళ్లకు లెక్కలోకి రాదు, పొడవాటి ఎక్స్‌పోజర్లు తీసేవాళ్లకు వస్తుంది. వాళ్లు ధ్రువుణ్ణి నమ్ముకోరు. ఖగోళ మధ్యరేఖ దగ్గరున్న చుక్క ఒకటి మెరిడియన్‌ను, అంటే ఉత్తర దక్షిణాలను నడినెత్తి మీదుగా కలిపే గీతను, దాటుతుండగా, అడ్డగీత మీద అది ఉత్తరానికో దక్షిణానికో ఎంత జారుతోందో చూసి ఇరుసు తూర్పు పడమరల తప్పును పట్టుకుంటారు. ఆ తప్పు ఒక్క డిగ్రీ ఉంటే చుక్క గంటకు దాదాపు 16 ఆర్క్ నిమిషాలు జారుతుంది. తూర్పునో పడమరనో తక్కువ ఎత్తున ఉన్న ఇంకో చుక్కతో ఇరుసు ఎత్తు తప్పు తెలుస్తుంది.

చుక్క జారిన తీరును బట్టి ఏ స్క్రూ తిప్పాలో తెలియడం. ఈ ఆలోచననే శాస్త్రంగా మార్చినవాడు పాట్రిక్ వాలెస్. న్యూ సౌత్ వేల్స్‌లోని సైడింగ్ స్ప్రింగ్ కొండ మీద 1974లో ప్రారంభమైన ఆంగ్లో-ఆస్ట్రేలియన్ టెలిస్కోప్‌కు ఆయన, సహచరులు గురి లెక్కలు కట్టారు. అంతకుముందు పెద్ద టెలిస్కోపుల దగ్గర రాత్రి సహాయకుడు డిగ్రీ వలయాలు చూసి తిప్పడం, ఆపైన చార్టు పెట్టుకుని చుక్కను వెతుక్కోవడం మామూలు. మొదటి నుంచీ కంప్యూటర్‌ను నమ్ముకున్న ఈ టెలిస్కోప్ గురి కొద్ది ఆర్క్ సెకన్లలోకి వచ్చింది. ఆ పనిలోంచే టీపాయింట్ అనే సాఫ్ట్‌వేర్ పుట్టింది. నేటికీ పెద్ద వేధశాలలు దాన్ని వాడుతున్నాయి. డబ్బు పెట్టగలిగిన అమెచ్యూర్లకూ అందుబాటులో ఉంది.

టీపాయింట్ చేసే పని వినడానికి సులువు. ఆకాశమంతా పరుచుకున్న కొన్ని పదుల నక్షత్రాల దగ్గరకు టెలిస్కోప్‌ను పంపి, ప్రతిచోటా ఎంత తప్పిందో రాసుకోవాలి. ఆ తప్పుల పటాన్ని చూస్తే మొదట గందరగోళంగా ఉంటుంది. అయితే ప్రతి లోపానికీ ఆకాశం మీద తనదైన చేవ్రాలు ఉంటుంది. గొట్టం వంగడం ఎప్పుడూ కిందికే, నడినెత్తిన సున్నా, దిగంతం దగ్గర ఎక్కువ. ధ్రువం ఇరుసు పక్కకు జరిగితే డిక్లినేషన్‌లో, అంటే ఖగోళ మధ్యరేఖ నుంచి ఉత్తరానికో దక్షిణానికో ఉన్న దూరంలో, వచ్చే తప్పు తూర్పు నుంచి పడమరకు ఒక అలలా లేచి పడుతుంది. రెండు ఇరుసులూ లంబంగా లేకపోతే ఖగోళ మధ్యరేఖ మీద తప్పు సున్నా, అక్కణ్ణుంచి ధ్రువం వైపు పోయేకొద్దీ పెరుగుతుంది, రేఖకు అటూ ఇటూ దిశ తిరగబడుతుంది. గొట్టం చూపు ఇరుసుకు లంబంగా లేకపోతే మధ్యరేఖ మీద కూడా తప్పు ఉంటుంది, ధ్రువం వైపు అదీ పెరుగుతుంది, కానీ దిశ తిరగబడదు.

ఈ చివరి రెండింటినీ విడదీయడంలోనే టీపాయింట్ పనితనం బాగా కనిపిస్తుంది. ధ్రువం దగ్గర అవి కవల పిల్లలు. 80 డిగ్రీల డిక్లినేషన్ దగ్గర ఒకటి 5.76 రెట్లయితే ఇంకోటి 5.67 రెట్లు. ఉత్తరాకాశంలోని చుక్కలే తీసుకుంటే ఏది ఎంతో తేల్చడం కష్టం. పోనీ మధ్యరేఖ దగ్గరే ఉందామంటే, అక్కడ చూపు వంకర అన్నది ఎన్‌కోడర్ సున్నా తప్పుగా పెట్టినదానితో కలిసిపోతుంది. ఉత్తరానా దక్షిణానా రెండు పక్కలా చుక్కలు కావాలి. లండన్‌లో ఉన్నవాళ్లకు దక్షిణాన మైనస్ 25 దాటితే పొగలోకి పోయినట్టే. హైదరాబాద్‌లో ఉత్తరాన ప్లస్ 60 చూడొచ్చు, దక్షిణాన మైనస్ 52 దాటిన అగస్త్య నక్షత్రం కూడా 20 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. ధ్రువుడు కిందికి దిగి ఇబ్బంది పెట్టినా, ఈ ఒక్క లెక్క తేల్చుకోవడానికి మన అక్షాంశం చాలా అనువైనది. జర్మన్ తరహా మౌంట్లలో ఇంకో దారి కూడా ఉంది. మెరిడియన్ దాటగానే గొట్టం స్తంభానికి రెండో పక్కకు తిరుగుతుంది, దాంతో చూపు వంకర దిశ కూడా తారుమారవుతుంది. అలాంటి మౌంట్ కంట్రోలర్ రెండు నక్షత్రాలయ్యాక మెరిడియన్‌కు ఆవలి పక్క ఇంకో రెండు మూడు చుక్కలు అడిగేది ఇందుకే. చాలనుకుని దాన్ని దాటవేసేవాళ్లు ఆకాశంలో సగమే కుదిరించుకుంటారు.

వాలెస్ పద్ధతిలో నాకు నచ్చేది దాని క్రమశిక్షణ. కంప్యూటర్‌కు కావలసినన్ని గుణకాలు ఇస్తే ఎంత వంకర టింకర తప్పునైనా గీత మీదికి తెచ్చేస్తుంది. పదిహేను చుక్కలకు పన్నెండు గుణకాలు పెట్టి మిగిలిన తప్పు సున్నా అయిందని సంబరపడొచ్చు, పదహారో చుక్క దగ్గర బండారం బయటపడుతుంది. అందుకని ప్రతి గుణకానికీ వెనక ఒక లోహపు కారణం ఉండాలి. ఇది ఫలానా ఇరుసు వంకర, ఇది ఫలానా చేయి వంపు అని చెప్పగలగాలి. ఇలా తేలిన అంకెల పట్టిక ఆ టెలిస్కోప్ తయారీలో ఎక్కడెక్కడ ఎంత తేడా ఉందో చెప్పే రిపోర్టు. ఫిట్టర్ చూడలేనిది అందులో కనబడుతుంది.

మౌంట్ తప్పులన్నీ తేలినా, చుక్క ఎక్కడుందో సరిగ్గా తెలియాలి కదా. 2000 సంవత్సరానికి రాసిన జాబితానే 2025లో వాడితే, భూమి ఇరుసు మెల్లగా దిశ మార్చుకోవడం వల్ల స్థానాలు 21 ఆర్క్ నిమిషాల దాకా జరిగి ఉంటాయి, చందమామ వెడల్పులో మూడింట రెండు వంతులు. కంట్రోలర్ ఇది తనే సరిచేసుకుంటుంది. చుక్కల సొంత కదలిక ఇంకోటి. స్వాతి ఏడాదికి 2.3 ఆర్క్ సెకన్లు జరుగుతుంది. ఆ పాతికేళ్లలో దాదాపు ఒక ఆర్క్ నిమిషం. వాలెస్ స్థాయి గురికి అది చాలా పెద్ద దూరం.

ఇక్కడ హైదరాబాద్‌కు నిజమైన పాత్ర ఉంది. 1901లో నవాబ్ జాఫర్ జంగ్ స్థాపించిన నిజామియా వేధశాల, 1887లో పారిస్‌లో మొదలైన ప్రపంచ నక్షత్ర పట పథకంలో భాగం పంచుకుంది. మైనస్ 17 నుంచి మైనస్ 23 డిగ్రీల వరకు ఉన్న పట్టీ దాని వంతు. బేగంపేటలో ఎనిమిది అంగుళాల కుక్ ఆస్ట్రోగ్రాఫ్‌తో గాజు పలకల మీద ఫోటోలు తీసి, చుక్కల స్థానాలను ఒక్కొక్కటిగా కొలిచారు. చాట్‌వుడ్, పోకాక్, ఆ తర్వాత టి.పి.భాస్కరన్ ఆధ్వర్యంలో ఏళ్ల తరబడి సాగిన పని. 2000లో వెలువడిన టైకో-2 జాబితాలో 25 లక్షల నక్షత్రాలున్నాయి. వాటి సొంత కదలికలు తేల్చడానికి ఉపగ్రహ కొలతలను ఈ పాత పటాల కొలతలతో పోల్చారు. అంత కాలవ్యవధి ఇంకెక్కడా దొరకదు మరి. ఇప్పుడు కెమెరా తీసిన ఫోటోలోని నాలుగేసి చుక్కల ఆకారాలను పోల్చి, అది ఆకాశంలో ఏ ముక్కో చెప్పే ఆస్ట్రోమెట్రీ.నెట్ ప్రోగ్రాం విశాలమైన ఫోటోలకు వాడే సూచికలు టైకో-2 నుంచి కట్టినవే. మాస్టారు ఈమధ్య ఒక చిన్న కెమెరా పెట్టుకున్నారు. సిరియస్ కింద నాలుగు డిగ్రీల దూరంలో ఉన్న ఎం41 గుంపును ఫోటో తీసి ఆ ప్రోగ్రాంకు ఇస్తే స్థానం వెంటనే చెప్పేస్తుంది. ఎం41 డిక్లినేషన్ దాదాపు మైనస్ 21. హైదరాబాద్ పట్టీలోదే.

కెమెరా వచ్చాక ఇంకా ఈ తతంగమంతా ఎందుకన్న మాట వినిపిస్తుంటుంది. నిజమే, ఫోటో తీసి, ఎంత తప్పిందో చూసి, అంత జరిపితే చుక్క మధ్యకు వస్తుంది. ఒక్క వస్తువుకు అది చాలు. రాత్రంతా వందల వస్తువుల మీదికి వెళ్లే టెలిస్కోప్‌కు ప్రతిసారీ రెండు మూడు ఫోటోలు తీసి సర్దుకునే తీరిక ఉండదు. అలాంటి టెలిస్కోప్ నడిపేవాళ్లు కెమెరాతోనే వంద చుక్కల తప్పులు గంటలో కొలిపించి వాలెస్ లెక్కకు అప్పగిస్తారు. కెమెరా వల్ల పాత విద్య పక్కకు పోలేదు, దానికి ముడిసరుకు చౌక అయింది.

అయితే ఈ లెక్కలన్నీ నిలిచేది తప్పు ప్రతిసారీ ఒకేలా వచ్చినప్పుడే. ఒకే చుక్క దగ్గరకు తూర్పు నుంచి ఒకసారి, పడమర నుంచి ఒకసారి, పై నుంచి ఒకసారి వెళ్లి, మళ్లీ అదే వరుసలో ఇంకో రెండు సార్లు వెళ్లి చూడాలి. తూర్పు నుంచి వచ్చినప్పుడల్లా ఒకే చోట, పడమర నుంచి వచ్చినప్పుడల్లా ఇంకో చోట ఆగుతుంటే అది పళ్ల సందు, దానికి వైద్యం బటన్లలోనే ఉంది. మెరిడియన్ దాటిన ప్రతిసారీ ఒక్కసారిగా దూకితే ప్రధాన అద్దం ఒరుగుతోందన్నమాట. ఫోకస్ నాబ్‌ను చివరి తిప్పు ఎప్పుడూ ఎడమకే, అద్దాన్ని బరువుకు ఎదురుగా నెట్టే వైపే ముగిస్తే అది చాలావరకు తగ్గుతుంది. ఎప్పుడు ఎటు పోతుందో తెలియకుండా తిరుగుతుంటే మాత్రం కంట్రోలర్ పక్కన పెట్టి, గొట్టాన్ని పట్టుకున్న బిగింపు స్క్రూ నుంచి ట్రైపాడ్ కాళ్ల మధ్య పళ్లెం దాకా ఒక్కొక్కటీ కదిపి చూసుకోవడమే. మాస్టారి సంచిలో ఐపీస్‌ల కంటే అలెన్ కీలే ఎక్కువ.